ఆరింటి నుంచి ఏడింటి దాకా

పళ్ళ డాక్టరుగారి క్లినిక్‌లో ముందు బల్ల దగ్గర కూర్చునే మనిషికి కాదనడంలో మంచి పేరుంది. "డాక్టరుగారికి ఇవాళ ఖాళీ లేదండి. గురువారం పొద్దున రాగలరా?" అని ఆమె ఫోన్లో అంటే, పన్ను సలిపి విసిగిపోయి ఉన్నవాళ్ళు కూడా "అలాగేనమ్మా, థాంక్సమ్మా" అని పెట్టేసేవాళ్ళు. గొంతులో విసుగుండదు, జంకుండదు. ఖాళీ లేదు కాబట్టి లేదు, అంతే.

ఆ గొంతు క్లినిక్ గుమ్మం దాటేది కాదు. బయటికొచ్చాక ఎవరేమడిగినా ఆమె నోట్లోంచి వచ్చేది ఒకటే మాట: "సరేనండి." వాళ్ళుండే ఫ్లాట్లలో కుర్చీలు సర్దాలన్నా, పక్కింటివాళ్ళు ఊరెళితే మొక్కలకి నీళ్ళు పోయాలన్నా, ఎవరి పిల్లకో సైన్సు ప్రాజెక్టుకి అట్టముక్కలు కత్తిరించాలన్నా అందరూ ఆమె తలుపే తట్టేవాళ్ళు. వెనకాల ఆమెని 'సరేగారు' అనేవాళ్ళు. ముందర కూడా అనేవాళ్ళు. ఆమె నవ్వి దానికీ సరే అనేది. "నీతో పది నిమిషాలు మాట్లాడాలంటే నేను కూడా క్లినిక్‌కి ఫోన్ చేసి అపాయింట్‌మెంట్ తీసుకోవాలేమో" అని ఆమె భర్త ఒకసారి అన్నాడు. అతను నవ్వుతూనే అన్నాడు గాని, ఆ మాట ఆమెకి రెండు రోజులు గుచ్చుకుంది.

ఆ ఇంటికి ఆమె చిన్నకోడలు. పెద్దకోడలిది అదే బిల్డింగులో కింది అంతస్తు. ఆవిడ డ్రైవింగ్ స్కూల్లో నేర్పుతుంది. పొద్దున్నించి సాయంత్రం దాకా ఎల్ బోర్డు కారులో పక్క సీట్లో కూర్చుని, కాళ్ళ దగ్గరున్న రెండో బ్రేకు మీద పాదం ఆనించి, ఊళ్ళోవాళ్ళ ప్రాణాలు కాపాడుతూ ఉంటుంది. ఎదుటివాడు తప్పు చేయబోతున్నాడని వాడికంటే ముందే కనిపెట్టడం ఆవిడ ఉద్యోగం. అత్తగారు ఏ ఇంట్లో కూర బాగుంటే ఆ ఇంట్లో భోంచేసేది. తోడికోడళ్ళిద్దరి మధ్యా తగువుల్లేవు, అలాగని పెద్ద స్నేహమూ లేదు. ఒకావిడకి తీరిక లేదు, ఒకావిడకి ఓపిక లేదు.

ఇదంతా మారిపోవడానికి కారణం ఒక పాత బల్ల.

ఆ వీధిలో ఏదో ఆఫీసు ఖాళీ చేస్తూ, తమ టేబుల్ టెన్నిస్ బల్లని ఫ్లాట్లవాళ్ళకి ఇచ్చేసింది. దాన్ని పార్కింగు పక్కనున్న హాల్లో వేశారు. ఒక సాయంత్రం చిన్నకోడలు ఫ్లాట్ల సంఘం మీటింగు కోసం అక్కడ ప్లాస్టిక్ కుర్చీలు వరస పెడుతోంది. పిల్లలు ఆడుతుంటే బంతి దొర్లుకుంటూ వచ్చి ఆమె కాలికి తగిలింది. "ఆంటీ, ఇటు విసరండి!" అన్నారు. ఆమె విసరలేదు. కుర్చీ మీద ఎవరో వదిలేసిన బ్యాటు అందుకుని, బంతిని పైకెగరేసి ఒక్కటిచ్చింది. బంతి నెట్ మీదుగా రివ్వున వెళ్ళి బల్ల అంచుని ముద్దుపెట్టుకుని, గోడకి కొట్టుకుని, ఎక్కడో మాయమైంది. పిల్లలు నోళ్ళు తెరుచుకుని చూశారు.

అప్పుడే కారు పెట్టి దిగిన పెద్దకోడలు హాలు గుమ్మంలో ఆగిపోయింది.

"ఏదీ, ఇంకోసారి కొట్టు."

"ఏదో తగిలిందక్కా, అంతే."

"అది తగలడం కాదు, కొట్టడం. మళ్ళీ కొట్టవే!"

కొట్టింది. ఈసారి అటు మూల. మళ్ళీ కొట్టింది. ఇటు మూల. చేతికి అన్నీ గుర్తున్నాయి. కాలేజీలో ఉన్నప్పుడు ఆమె రోజూ ఆడేది, కప్పులు కూడా తెచ్చింది. ఆ తర్వాత మానమని ఎవరూ అనలేదు. రోజులో దానికి చోటు లేకుండా పోయింది, అంతే. ఇన్నేళ్ళకి బంతి 'టక్' మని బ్యాటు మధ్యలో పడేసరికి, ఆమె ఒళ్ళంతా జలదరించింది. కుర్చీలు సగం వరసలోనే ఉండిపోయాయి.

పెద్దకోడలు జన్మలో బ్యాటు పట్టలేదు. కాని పట్టిన నాలుగో రోజుకే ఎదుటివాళ్ళ భుజం చూసి బంతి ఎటొస్తుందో చెప్పేయసాగింది. డబుల్స్‌లో ఒకళ్ళు కొట్టాక రెండోవాళ్ళే కొట్టాలి. కొట్టినవాళ్ళు తటాలున పక్కకి తప్పుకుని జాగా ఇవ్వాలి. మొదట్లో ఇద్దరూ ఢీకొని, ఒకళ్ళ పాదం ఒకళ్ళు తొక్కుకుని, బల్ల పట్టుకుని పడీ పడీ నవ్వారు. పెళ్ళయి ఇన్నేళ్ళలో వాళ్ళిద్దరూ కలిసి అంతలా నవ్వింది లేదు. మర్నాడు క్లినిక్‌లో చిన్నకోడలు ఎవరూ చూడటం లేదనుకుని ఫైలుతో గాల్లో స్మాష్ కొడితే, ఎదురుగా కూర్చున్న ముసలాయన తల వంచుకున్నాడు.

ఆ వారమే పెద్దకోడలు ఒక కాగితం పట్టుకొచ్చింది. వచ్చే నెల ఒక ఆదివారం, పేటలన్నీ కలిపి ఆడవాళ్ళ డబుల్స్ పోటీ.

"పేర్లిచ్చేశాను. రోజూ ఆరింటి నుంచి ఏడింటి దాకా ప్రాక్టీసు. ఆ గంట నాది, నీది. ఇంకెవరిదీ కాదు. ఏమంటావ్?"

"సరే అక్కా!" అంది చిన్నకోడలు. జీవితంలో మొదటిసారి ఆ మాట గొంతులోంచి కాక, ఎక్కడో గుండెలోంచి వచ్చింది.

చిక్కేమిటంటే, ఆమె మిగతావాళ్ళకి కూడా సరే అంటూనే ఉంది. ఒకరోజు క్లినిక్‌లో తోటి అమ్మాయి "ఇవాళ కాస్త నా బదులు ఉంటావా?" అంది. ఇంకోరోజు పై ఫ్లాటావిడ బ్యాంకుకి తోడు రమ్మంది. మరో రోజు సంఘం సెక్రటరీగారు నోటీసులు అంటించమన్నారు. చిన్నకోడలు ఏడుకి పది నిమిషాల ముందు రొప్పుకుంటూ హాల్లోకి వచ్చేసరికి, పెద్దకోడలు బల్లలో సగం నిలువుగా మడిచి, దానికేసి ఒక్కత్తే కొట్టుకుంటూ ఉండేది. పక్కన కుర్చీలో అత్తగారు బంతులేరే పనిలో ఉండేది.

"ఇద్దరి ఆటని ఒక్కత్తే ఆడుతోందే పాపం, బల్లే నయం, అడిగినప్పుడల్లా నిలబడుతోంది" అనేది అత్తగారు, గాలితో చెప్పినట్టు.

పెద్దకోడలు ఒకసారి గడియారం వంక చూసి ఇంకో బంతి అందుకునేది. అదే చిన్నకోడలిని ఎక్కువ బాధపెట్టేది.

పోటీకి వారం ఉందనగా ఒక సాయంత్రం ఆవిడ క్లినిక్ ముందు కారాపి, "ఎక్కు. నువ్వే నడుపు" అంది. చిన్నకోడలికి ఆవిడ డ్రైవింగు కూడా నేర్పుతోంది. ఇంట్లోవాళ్ళకే నేర్పలేకపోతే తన బోర్డు తీసేయాలంటుంది. రెండు వీధులు దాటారో లేదో, చిన్నకోడలి సంచిలో ఫోను మోగింది. ఆమె చెయ్యి దానంతటదే అటు వెళ్ళింది. కారు గక్కున ఆగిపోయింది. పక్క సీట్లో పెద్దకోడలి పాదం బ్రేకు మీదుంది.

"బండి నడుపుతూ ఫోనా? పక్కకి తీసి ఆపు. ఆపి మాట్లాడు. నేను కూడా వింటాను, స్పీకర్ పెట్టు."

ఫోన్లో సెక్రటరీగారు. "అమ్మా, వచ్చే ఆదివారం మన సంఘం వార్షికోత్సవం కదా. స్టేజీ మీద పేర్లు చదవడానికి నువ్వయితేనే బాగుంటుందని అందరం అనుకున్నాం. పొద్దున్నించీ ఉండాలి సుమా."

పోటీ ఆ ఆదివారమే. చిన్నకోడలు తోడికోడలి మొహం చూసింది. నోరు మాత్రం అలవాటు కొద్దీ తెరుచుకుంది. "స..."

పెద్దకోడలు చెయ్యి చాపి హారను మీద పెట్టి నొక్కింది. తియ్యలేదు. రోడ్డు మీద నడిచేవాళ్ళు చెవులు మూసుకున్నారు. ఎదురుకొట్టు పైన కూర్చున్న పావురాలు లేచిపోయాయి.

"ఏంటమ్మా ఆ మోత? నువ్వన్నది వినపడలేదు!" అని ఫోన్లో అరిచారు సెక్రటరీగారు.

హారను ఆగింది. చిన్నకోడలు స్టీరింగుని గట్టిగా పట్టుకుంది. కళ్ళు మూసుకుంది. తను క్లినిక్ బల్ల ముందు కూర్చున్నట్టు అనుకుంది. అంతే, ఆ గొంతు దానంతటదే వచ్చేసింది.

"ఆదివారం ఖాళీ లేదండి."

అవతల చిన్న దగ్గు. "అయ్యో. మరి... ఒక్క గంటైనా?"

"లేదండి. కుదరదు."

"ఓహో. సరేనమ్మా, సరే. ఇంకెవర్నైనా చూస్తాను." ఫోను పెట్టేశారు.

తోడికోడళ్ళిద్దరూ ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకున్నారు.

"విన్నావా అక్కా? సరే అన్నది ఆయన!"

"రెండుసార్లు అన్నాడే!"

చిన్నకోడలికి నవ్వాగలేదు. నవ్వుతూనే కళ్ళలో నీళ్ళొచ్చాయి. ఆకాశం విరిగి మీద పడలేదు. ఎవరూ తిట్టలేదు. ఇన్నేళ్ళు ఇంత చిన్న మాటకా తను భయపడింది!

"ఇంకో సంగతి గమనించావా? నువ్వు కారణం చెప్పలేదు" అంది పెద్దకోడలు ఉత్సాహంగా. "చెప్పుంటే దానికి విరుగుడు వెతికేవాడు. ఆటెన్నింటికి, ఈలోపు వచ్చిపోకూడదా అనేవాడు. లేదంటే లేదు. భేష్!"

చిన్నకోడలి నవ్వు మెల్లగా సన్నగిల్లింది. "అక్కా... ఆ ఆదివారానికి ఇంకో ఇద్దరికి కూడా మాటిచ్చాను. పేటలో పళ్ళ పరీక్షలు చేస్తున్నారు, డాక్టరుగారు రమ్మన్నారు. మా తమ్ముడు ఆ రోజే ఇల్లు మారుతున్నాడు, సామాన్లు సర్దడానికి వస్తానన్నాను."

పెద్దకోడలు నెత్తి కొట్టుకుంది. "ఒక్క ఆదివారాన్ని ఎంతమందికి అమ్మావే తల్లీ!"

డాక్టరుగారి సంగతి మర్నాడే తేలింది. ఆవిడ ఎవరి నోట్లోనో అద్దం పెట్టి వంగి చూస్తోంది. చిన్నకోడలు గుమ్మంలో నిలబడి, ఇప్పుడు చెప్పకపోతే ఇంకెప్పుడూ చెప్పలేనని గబగబా అనేసింది. "డాక్టర్, వచ్చే ఆదివారం నేను రాలేను. వస్తానని చెప్పడం నా పొరపాటే. ముందుగా చెబుతున్నాను, ఏమనుకోకండి."

డాక్టరుగారు తలెత్తింది. కుర్చీలో ఉన్నాయన కూడా నోరు తెరిచే ఉంచి కళ్ళు ఇటు తిప్పాడు.

"ఏముంది ఆ రోజు?"

"నా సొంత పనండి."

"ఆఁ... ఆఁ..." అన్నాడు కుర్చీలో ఆయన, ఆమె తరఫున వాదిస్తున్నట్టు.

"మీరు మాట్లాడకండి" అని డాక్టరుగారు ఆయన్ని గదమాయించి, కాసేపు ఆలోచించింది. "వారం ముందు చెప్పావు కాబట్టి సర్దుకోవచ్చు. ఆ రోజు పొద్దున చెప్పుంటే మాత్రం కోపమొచ్చేది." మళ్ళీ వంగి పనిలో పడింది. చిన్నకోడలు తన బల్ల దగ్గరికి దాదాపు ఎగురుకుంటూ వచ్చింది.

తమ్ముడి దగ్గర మాత్రం అలా జరగలేదు. వాడికి నిజం చెప్పాలనిపించింది ఆమెకి. చెప్పింది.

"ఆటా?" అన్నాడు వాడు. "నా ఇల్లు మారడం కంటే నీకు ఆ బంతాట ఎక్కువైందా అక్కా? ఈ వయసులో?"

"ఎక్కువా తక్కువా అని కాదురా. నేను చూసుకోకుండా మాటిచ్చాను, తప్పు నాదే. శనివారం సాయంత్రం వచ్చి నీ వంటిల్లంతా పెట్టెల్లో సర్దిపెడతాను. ఆదివారం మాత్రం రాలేను."

"అక్కర్లేదులే. మేం చూసుకుంటాం." ఫోను పెట్టేశాడు.

ఆ రోజు ఆరింటికి ఆమె హాలుకొచ్చింది గాని, బంతి బ్యాటుకి తగల్లేదు. పెద్దకోడలు ఒక మూలకి బంతి వేసి, "ఏడిస్తే ఏడువు, కానీ కాళ్ళు కదుపు" అంది. చిన్నకోడలు ముక్కు తుడుచుకుని కదిపింది. శనివారం సాయంత్రం తమ్ముడు అక్కర్లేదన్నా వెళ్ళింది. గ్లాసులన్నీ కాగితాల్లో చుట్టి, పెట్టెలన్నిటికీ టేపు వేసి వచ్చింది. వాడు పక్కగదిలో పుస్తకాలు కట్టుకుంటూ ఉండిపోయాడు. మరదలే గేటు దాకా వచ్చి, "బాగా ఆడండి వదినా" అని గుసగుసగా చెప్పింది.

ఆదివారం. పెద్ద హాలు, వరసగా బల్లలు, ఎటు చూసినా టకటకలు, బూట్ల కిర్రుమనే చప్పుళ్ళు. లోపలికి అడుగు పెట్టగానే చిన్నకోడలి అరికాళ్ళలో ఏదో పాకింది. ఇరవై ఏళ్ళ కిందటి వాసనే, రబ్బరు, చెమట కలిసిన వాసన. అత్తగారు కుర్చీలో వేసుకోవడానికి దిండు లాంటి మెత్త తెచ్చుకుని ముందు వరసలో కూర్చుంది. చిన్నకోడలు ఫోను ఆవిడ ఒళ్ళో పడేసి, "అత్తయ్యా, ఇది మీ దగ్గరుంచండి" అంది.

మొదటి రెండు మ్యాచ్‌లు ఎలా గెలిచారో వాళ్ళకే తెలియలేదు. సెమీఫైనల్లో ఎదురుపడ్డది కిందటేడు కప్పు గెలిచిన జంట. ఇద్దరూ బ్యాంకు ఉద్యోగులు, ఒకే రంగు చొక్కాలు, మొహాల్లో నవ్వన్నది లేదు. మొదటి గేము వాళ్ళు చకచకా లాగేసుకున్నారు. రెండోది మనవాళ్ళు గింజుకుని గింజుకుని గెలిచారు. మూడో గేములో చెరో పదీ అయ్యి డ్యూస్ వచ్చింది, ఇక రెండు పాయింట్లు ముందుకెళ్ళినవాళ్ళదే గెలుపు. పక్క బల్లల వాళ్ళు కూడా ఆట ఆపి చుట్టూ మూగారు.

సరిగ్గా అప్పుడు అత్తగారి ఒళ్ళో ఫోను మోగింది. చిన్నకోడలి మెడ అటు తిరిగింది. తమ్ముడే అయ్యుంటాడు. వెళ్ళాలా? ఏమైనా అయిందా?

"ఇటు చూడు" అంది పెద్దకోడలు మెల్లగా. "అత్తయ్య ఉన్నారుగా."

అత్తగారు అప్పటికే ఫోనెత్తింది. హాలంతా వినపడేలా మాట్లాడుతోంది. "మా కోడలికి ఇప్పుడు ఖాళీ లేదు నాయనా! ఏంటి? సోఫా మెట్ల మలుపులో ఇరుక్కుందా? ఎవరికీ దెబ్బలేం తగల్లేదుగా? అయితే కాళ్ళు విప్పెయ్. నీ కాళ్ళు కాదురా, సోఫా కాళ్ళు! విప్పి నిలబెట్టి తిప్పు. ఇక్కడ డ్యూసో గీసో అయింది, నేను చూడాలి. ఉంటాను."

చుట్టూ ఉన్నవాళ్ళు ఘొల్లుమన్నారు. నవ్వెరగని బ్యాంకు జంట కూడా నవ్వేశారు. ఆ నవ్వుతో చిన్నకోడలి భుజాల మీంచి ఏదో దిగిపోయింది. బంతి చేతిలోకి తీసుకుంది. బల్ల కుడి సగంలోంచి ఎదుటి మూలకి, మణికట్టు తిప్పి, తక్కువ ఎత్తులో వేసింది. అవతలావిడ తోసింది. పెద్దకోడలు ఆమె భుజం వంక చూసి ముందే అక్కడికి చేరి వెనక్కి కొట్టింది. వాళ్ళు గట్టిగా బాదారు. చిన్నకోడలు దూరంగా వెళ్ళి అందుకుంది. పెద్దకోడలు తప్పుకుంది, వచ్చింది, మళ్ళీ తప్పుకుంది. ఎవరి ఊపిరి ఎవరిదో తెలియడం లేదు. బంతి నెట్ అంచుకి తగిలి అవతలికి జారిపడింది. ఒక్క పాయింటు ముందు!

తర్వాతి సర్వీసు వాళ్ళది. స్పిన్నుతో వంకర తిరుగుతూ వచ్చింది. పెద్దకోడలు ఎలాగో నెట్ దాటించింది. వాళ్ళు కొట్టిన బంతి కాస్త ఎత్తుగా లేచింది. చిన్నకోడలికి హాలు కనపడలేదు, జనం కనపడలేదు. ఆ తెల్లటి బంతి ఒక్కటే కనపడింది, గాల్లో నిలబడి తనకోసమే ఆగినట్టు.

కొట్టింది.

అవతలి మూలలో పడి, ఎగిరి, జనం కాళ్ళ మధ్య నుంచి దూసుకుపోయింది. హాలంతా కేకలు. తోడికోడళ్ళిద్దరూ ఒకళ్ళనొకళ్ళు కావిలించుకుని చిన్నపిల్లల్లా గెంతారు. అత్తగారు మెత్త పైకి విసిరింది. అది అంపైరు మీద పడింది.

ఫైనల్ గురించి చెప్పుకోవడానికి పెద్దగా ఏమీ లేదు. ఎదురుగా ఇద్దరు కాలేజీ అమ్మాయిలు, వాళ్ళ బంతి కంటికి కనపడితేగా! మంచినీళ్ళు తాగినంత సేపట్లో ఓడించి, వంగి దండం పెట్టి వెళ్ళారు. ఓడిన ఇద్దరూ ఒక్కరవ్వ కూడా చిన్నబుచ్చుకోలేదు. రెండో బహుమతి కప్పుని తిప్పి తిప్పి చూసుకున్నారు.

అసలు ముప్పు ఆ తర్వాతే వచ్చింది. నిర్వాహకులు చుట్టుముట్టారు. "మీ పేటలో పిల్లలకి శనివారాలు నేర్పగలరా?" "వచ్చే నెల ఇంకో పోటీ ఉంది, ఆడతారా?" "మా కమిటీలో చేరండి మేడమ్!" చిన్నకోడలు తోడికోడలి వైపు చూసింది. పెద్దకోడలి మొహం వెలిగిపోతోంది. గెలుపు తలకెక్కి కళ్ళు మెరుస్తున్నాయి.

"సరే!" అంది పెద్దకోడలు. "తప్పకుండా! అలాగే! దానిదేముంది, అన్నీ చేద్దాం!"

చిన్నకోడలు నిర్ఘాంతపోయింది. ఇన్నాళ్ళూ తనకి పాఠాలు చెప్పిన మనిషేనా ఈవిడ! తటాలున ముందుకొచ్చింది.

"ఒక్క నిమిషమండి. మా అక్కయ్య సంతోషంలో అనేశారు. శనివారాలు కుదరవు. ఆవిడకి ఆ రోజు స్కూలుంది, నాకు క్లినిక్కుంది. కమిటీ కూడా వద్దండి. వచ్చే నెల పోటీకి మాత్రం వస్తాం. మాకున్నది రోజుకి ఒక్క గంట, అది ఆడుకోవడానికే."

"పిల్లలకైనా...?" అన్నాడొకాయన.

"మేమాడుతున్నప్పుడు వచ్చి చూడమనండి. బంతులేరిస్తే ఇంకా మంచిది."

ఆయన నవ్వేశాడు. పెద్దకోడలు కప్పు ఒళ్ళో పెట్టుకుని కారులో కూర్చుంది. కూర్చున్నాక గట్టిగా ఊపిరి వదిలింది. "అమ్మో! ఎంత తియ్యగా ఉంటుందే ఆ సరే అనడం. నిన్ను ఊరికే తిట్టాను ఇన్నాళ్ళూ."

తమ్ముడి అలక మాత్రం అంత తొందరగా తీరలేదు. ఆ సాయంత్రమే వాళ్ళ కొత్తింటికి వెళితే, సోఫా హాల్లోనే ఉంది గాని, వాడు బాల్కనీలోనే ఉండిపోయాడు. కప్పు చూసిన మరదలు ఉబ్బితబ్బిబ్బయింది. చిన్నకోడలు అక్కడ ఉన్నంతసేపూ నొచ్చుకుంటూనే ఉంది. వచ్చి తప్పు చేశాననీ అనుకోలేదు, ఆడి తప్పు చేశాననీ అనుకోలేదు. వారం తర్వాత వాడే ఫోన్ చేసి, "సోఫా కాలొకటి ఊగుతోంది, మీ అత్తగారినడిగి చెప్పు" అన్నాడు. అంతవరకూ మెత్తబడ్డాడు. అది చాలనుకుంది.

పోటీ మర్నాడు, సోమవారం ఆరింటికి ఇద్దరూ హాల్లోకొచ్చేసరికి అత్తగారు వాళ్ళకంటే ముందే అక్కడుంది. కుర్చీలో కాదు. బల్లకి అవతలి వైపు, చీర కొంగు నడుముకి చుట్టుకుని, చేతిలో బ్యాటు గరిటెలా పట్టుకుని నిలబడి ఉంది.

"రోజూ బంతులేరడానికేనా నేను?" అంది. "వెయ్యండి ఒకటి."

"అలా కాదత్తయ్యా, వేళ్ళు ఇలా పెట్టండి" అని చిన్నకోడలు పరిగెత్తింది.

"ముందు పాదాలు దూరంగా పెట్టమనవే" అంది పెద్దకోడలు.

అత్తగారు ఇద్దరి మాటా వినలేదు. బంతిని పైకెగరేసింది, కళ్ళు గట్టిగా మూసుకుంది, బ్యాటు ఊపింది. బంతి బల్లని తాకలేదు, నెట్‌ని తాకలేదు. సెక్రటరీగారి నోటీసు బోర్డుకి కొట్టుకుని కింద పడింది.

"అది లెక్కలోకి రాదు" అంది అత్తగారు, కళ్ళు తెరిచి చెయ్యి చాపుతూ. "ఇంకోటివ్వండి."